గొడుగు రాలేలోగా ఐదు శనివారాలు

అంగారకుడి ఏడాదిలో 402వ రోజు, బుధవారం

ఈ పుస్తకం చేత్తోనే రాస్తున్నాను. నరాల డాక్టరు తన చేతిరాతని తాను కనిపెట్టుకుని ఉండాలి. అక్షరాలు చిన్నవైపోతున్నా, వరస కిందికి జారుతున్నా, జబ్బు ఎవరికో కాదు మనకే వచ్చిందని అందరికన్నా ముందు చెప్పేది రాతే. ఇవాళ్టికి నా అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయి.

ఆరింటికి అక్క గొంతు విని లేచాను. ఎర్రగట్టులో మూడు వేల మందీ అలాగే లేస్తారు. "ఎర్రగట్టు వాసులకు నమస్కారం. నేను వకుళని. ఇవి ధూళి వార్తలు" అని లౌడ్‌స్పీకర్లో వినబడితేగాని ఈ సొరంగాల్లో తెల్లారినట్టు కాదు. అంగారకుడి మీద తెల్లారడం కంటికి కనిపించే చోట మేం బతకడం లేదు. పడమటి గాలి తగ్గిందనీ, సౌర పలకల మీద దుమ్ము వేలెడు మందం ఉందనీ చెప్పి, చివర్లో "ఎస్తేరూ, నిన్నటి పులుసులో ఉప్పెక్కువైందమ్మా" అని తగిలించింది. ఊరు నవ్వింది.

ఆ ఎస్తేరే ఇవాళ నా మొదటి పేషెంటు. వంటశాల పెద్ద. మంచం మీద పక్కకి ఒత్తిగిలితే చాలు, లోకం గిర్రున తిరుగుతోందిట. బల్ల మీద పడుకోబెట్టి, తల వెనక్కి వేలాడదీసి, ఒక పక్కకి తిప్పి, నింపాదిగా రెండో పక్కకి దొర్లించాను. చెవి లోపల ఇసుక రేణువంత ముక్క దారి తప్పితే భూమి తిరుగుతుంది. ఇది భూమి కాదుగానీ ఇక్కడా అలాగే తిరుగుతుంది. నాలుగు నిమిషాల్లో లేచి కూర్చుని, "పోయింది డాక్టరమ్మగారూ!" అంటూ నా రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ పని చేస్తున్నా నాకూ ఆ క్షణం అంతే వింతగా ఉంటుంది. తర్వాత సూటు పట్టీ మోకాలి కింద బిగించి కట్టుకుని పాదం ఎత్తలేకపోతున్న డ్రిల్లరు ఒకడు, తలనొప్పులు ముగ్గురు. సుత్తి, ట్యూనింగ్ ఫోర్కు, ఒక గుండుసూది. నా సామానంతా ఇంతే.

మధ్యాహ్నం జిలానీ వచ్చాడు. వారధులు చూసే టెక్నీషియన్ అతను. ఎప్పుడూ నిలబడి మాట్లాడేవాడు ఇవాళ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మేడమ్, గొడుగు కిందికి దిగుతోంది. నాలుగుసార్లు లెక్క వేశాను. ముప్ఫై ఆరు రోజుల్లో కాలిపోతుంది."

గొడుగు అంటే మా నెత్తిమీద తిరిగే గణన యంత్రం. పక్షవాతం వచ్చి మెదడులో ఒక చోటు చచ్చిపోయినవాళ్ళకి పుర్రె కింద పలచటి రేకు పెడతాం, దాన్నే వారధి అంటాం. మనిషి ఏం చెప్పాలనుకున్నాడో అది పైకి పంపుతుంది. గొడుగు దాన్ని మాటలుగా అల్లి కిందికి పంపితే గొంతు దగ్గరి బిళ్ళ ఆ మనిషి గొంతుతోనే పలుకుతుంది. అంతా అర క్షణంలో. చెయ్యి వణికేవాళ్ళకీ, కాలు ఈడ్చేవాళ్ళకీ కూడా ఇదే పద్ధతి. దాన్ని కట్టిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. భూమి నుంచి కొత్తది రావాలంటే పద్నాలుగు నెలలు.

నా చేతికింద వారధి ఉన్నవాళ్ళు ఇరవై ఏడు మంది. మాట కోసం పదహారు, కాలు కోసం ఆరు, చెయ్యి కోసం అయిదు. ఆ పదహారు మందిలో మా అక్క ఒకతె.

405వ రోజు, శనివారం

ఒక్కపొద్దు. ఈ ఊరు పుట్టిన మొదటి ఏడు పెద్ద దుమ్ము లేచి పలకలు మూసుకుపోతే, వారానికో రోజు కరెంటుకి కూడా ఒక్కపొద్దే అన్నారు పెద్దలు. శనివారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మర్నాడు తెల్లవారే దాకా గాలీ వేడీ తప్ప అన్నీ ఆపేస్తారు. ఒంట్లో ఉన్న యంత్రాలు కూడా ఆపాలి, ప్రాణం నిలబెట్టేవి తప్ప. ఇప్పుడు కరెంటు కొరత లేదు. అయినా ఆచారం పోలేదు. తూకం యంత్రాలు పనిచెయ్యవు కాబట్టి ఆ మధ్యాహ్నమే హాల్లో చోళ్ళు, అదే రాగులు, రాశి పోసి, వారానికి సరిపడా కుంచంతో కొలిచి పంచుతారు.

ఈ ఆచారం మీద నేను చేసిన యుద్ధం అంతా ఇంతా కాదు. "మాట లేనివాళ్ళ మాట వారానికో పూట లాక్కోవడం భక్తి కాదు, క్రూరత్వం" అని పంచాయితీలో బల్ల గుద్దాను. చివరికి వారధి ఉన్న ఇరవై ఏడు మందికీ మినహాయింపు చీటీలు రాసి, నా చేత్తో సంతకం పెట్టి ఇంటింటికీ తిరిగి ఇచ్చాను. శనివారం మధ్యాహ్నాలు నేను హాలుకి వెళ్ళను. అక్కా నేనూ క్లినిక్కులో బ్యాటరీ దీపం దగ్గర కూర్చుంటాం. అయిదేళ్ళుగా ఇంతే.

అక్కకి గొడుగు సంగతి చెప్పాను. ఆవిడ గోడకేసి తిరిగింది. గోడ అవతల హాల్లోంచి కొలత పాడుతున్న గొంతులు వినబడుతున్నాయి. లాభం... లాభం... రెండు... రెండు...

"అంటే ముప్ఫై..." అంది.

"ముప్ఫై మూడు రోజులక్కా" అన్నాను.

"ఆ తర్వాత పొద్దున్నే..."

"వార్తలు ఇంకెవరైనా చదువుతార్లే. దాని గురించి బెంగపెట్టుకోకు."

"నన్ను చెప్పనిస్తావుటే?" అని నవ్వింది. చిన్నప్పటినుంచీ నాకు ఈ జబ్బుంది. అక్క సగం అనేసరికి మిగతా సగం నేను అనేస్తాను.

409వ రోజు, బుధవారం

ఇవాళ జరిగింది రాయడానికి మాటలు వెతుక్కోవాల్సి వస్తోంది.

గొడుగు పోతే ఎవరు ఎంత కోల్పోతారో ముందే తెలుసుకుని ఊతకర్రలూ, మాటకి బదులు వేలితో చూపించే బొమ్మల పలకలూ సిద్ధం చేద్దామనుకున్నాను. ఒక్కొక్కరినీ పిలిచి, వారధి రెండు నిమిషాలు ఆపి చూడటం. మొదట తవిటయ్యని పిలిచాను. అరవై ఒకటేళ్ళు, డ్రిల్లరుగా చేశాడు. ఆరేళ్ళ కిందట ఎడమ మెదడులో మాటలు కట్టే చోటికి నెత్తురందక, అక్కడ పిడికిలంత మేర చచ్చిపోయింది. ఆ స్కాను బొమ్మలు నా దగ్గరున్నాయి. అక్కడ ఏమీ మిగల్లేదు, మాట తిరిగి రాదు అని నేనే రాశాను, సంతకం పెట్టాను.

జిలానీ మీట నొక్కాడు. గొంతు బిళ్ళ మీద పచ్చ దీపం ఆరిపోయింది. నేను గడియారం చూస్తూ, "భయపడకు తవిటయ్యా, రెండే నిమిషాలు" అన్నాను.

"భయ...మేటి" అన్నాడు తవిటయ్య.

బిళ్ళ వంక చూశాను. ఆరిపోయే ఉంది.

"ఆపీసినావు. తెలస్తంది. సెవిలో... గుయ్యిమనీది... ఆగిపోనాది."

మాటకీ మాటకీ మధ్య ఒక ఊపిరి పడుతోంది. బొంగురు గొంతు. అతని అసలు గొంతు నేను వినడం అదే మొదటిసారి. నా చేతిలో సుత్తి నేలమీద పడింది. జిలానీ మీట ఆపే ఉందా అని మళ్ళీ చూసుకున్నాడు. అతనికి శనివారాలు గాలి ప్లాంటు దగ్గర డ్యూటీ. అతనూ ఎన్నడూ చూడలేదు.

"ఎప్పటినుంచి?" అన్నాను.

తవిటయ్య నేల చూపులు చూశాడు. పక్కనే ఉన్న అతని భార్య సూరమ్మ నోరు విప్పింది. "కోపం సెయ్యకు డాట్రమ్మా. నువ్విచ్చిన సీటీ మంచం కోడు కింద పెట్టీసినాం. ఎత్తు సరిపోక ఊగుతుండీది. సెనివారం ఒక్కపొద్దు మానడం మా ఇంటా వంటా లేదు. నువ్వు తిడతావని ఎవులమూ సెప్పనేదు."

"మాట ఎలా వచ్చిందే తల్లీ?"

"అంబలి పెట్టీదాన్ని కాదు. అంబలి కావాలంటే అంబలి అనాల. అడగందే అమ్మయినా పెట్టదు గదా, నాను పెళ్ళాన్నే. నాలుగు సెనివారాలు నీలు తాగి పడుకున్నాడు. నా కడుపు తరుక్కుపోనేదనుకున్నావా? అవతలకెల్లి ఏడిసీదాన్ని. అయిదో సెనివారం 'అం' అన్నాడు. ఆ మాత్రానికే గిన్నెడు పెట్టినాను."

తవిటయ్య నవ్వాడు. ఎడమ మూతి ఎత్తుగా, కుడి మూతి కొంచెం తక్కువగా. "పాపం... సల్లారిపోనాది... అది" అన్నాడు. అంబలి గురించి. ఆరేళ్ళ కిందటి అంబలి చల్లారిపోయిందని ఫిర్యాదు!

నేను అక్కడే ఏడ్చేశాను. పేషెంటు ముందు ఏడవకూడదని నా దగ్గర పనిచేసిన అందరికీ చెప్పినదాన్ని.

411వ రోజు, శుక్రవారం

ఇరవై ఆరు మందినీ చూడటం అయిపోయింది.

పదిహేడు మందికి వారధి అక్కర్లేదు. పెట్టుకున్నారు గనక వాడుతున్నారంతే. ఏడుగురు తడబడతారు, ఆగుతారు, కానీ చేరాల్సిన చోటికి చేరతారు. ఇద్దరికి కర్ర కావాలి. అందరి కథా ఒకటే. నా చీటీ ఒకరు పెట్టె అడుగున వేశారు, ఒకావిడ దాంతో విత్తనాల పొట్లం కట్టింది. శనివారం శనివారం వారధి ఆపేసి హాల్లో చోళ్ళ రాశి చుట్టూ కూర్చున్నారు. కొలిచేవాళ్ళతో గొంతు కలిపారు.

జిలానీ తవిటయ్య తలకి వలటోపీ తొడిగి, అతను మాట్లాడుతుండగా మెదడులో ఏ చోటు పనిచేస్తోందో తెరమీద చూపించాడు. ఎడమ పక్క ఆ పిడికిలంత మేర చీకటి, నేను రాసినట్టే. కానీ కుడిపక్క, మామూలుగా పాటకీ తాళానికీ మేలుకునే చోట, సన్నటి వెలుగు మొదలై, చీకటి అంచు చుట్టూ తిరిగి, పెదవుల్ని ఆడించే చోటికి వెళ్ళి కలుస్తోంది. ఏ పుస్తకంలోనూ లేని బాట అది. కావాలనుకున్న మాట దొరక్క ఆ మనిషి గింజుకున్న ప్రతి శనివారం అక్కడో అడుగు పడింది. నేను చచ్చిపోయిందని రాసి మూసేసిన మెదడు నాతో ఒక్క మాట చెప్పకుండా ఇంత పని చేసుకుంది. అరగంట అలా చూస్తూనే ఉండిపోయాను. దండం పెట్టాలనిపించింది, పెట్టాను.

ఇరవై ఏడో పేరు మిగిలింది. సాయంత్రం అక్కని పిలిచి వారధి ఆపాను.

అక్క నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. ఏమీ రాలేదు. రెండు నిమిషాలూ ఏమీ రాలేదు. తెరమీద కుడిపక్క ఒక్క చుక్కయినా వెలగలేదు. అయిదేళ్ళనాడు ఎలా ఉందో అలాగే ఉంది.

దాచుకోకుండా రాస్తాను. అయిదేళ్ళ కిందట వారధి పెట్టిన మొదటి శనివారం అక్కని నేనే హాలుకి తీసుకెళ్ళాను. పన్నెండింటికి ఆపాను. అక్క మంచినీళ్ళ కోసమో దేనికోసమో మాట వెతుక్కుంటూ నా వైపు చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను ఓర్చుకోలేకపోయాను. పదకొండు క్షణాల్లో మళ్ళీ మీట నొక్కేశాను. ఆ పదకొండు క్షణాలే అక్కకి దొరికిన ఒక్కపొద్దు. నా చీటీని నమ్మి పాటించింది ఊరు మొత్తంలో ఒక్కతే, మా అక్క.

412వ రోజు, శనివారం

పొద్దున్నే చెప్పాను. వార్తలు చదివి వచ్చి కాఫీ తాగుతోంది. అంతా విని గ్లాసు కింద పెట్టింది.

"తవిటయ్య మాట్లాడాడా?"

"మాట్లాడాడక్కా."

"అందరూ?"

"అందరూ."

"నేను తప్ప."

నేను తల ఊపాను.

"అయిదేళ్ళు" అంది అక్క. అర క్షణం ఆగి వచ్చే ఆ గొంతులో కోపం ఇంత స్పష్టంగా పలుకుతుందని నాకు అప్పటిదాకా తెలీదు. "రెండు వందల యాభై శనివారాలే హైమా! గోడ అవతల వాళ్ళు మాటలు నేర్చుకుంటుంటే నన్ను ఇక్కడ కూర్చోబెట్టి దీపం వెలిగించావు. నేను ఏడిస్తే నీకేం పోయింది? ఏడ్చేదాన్ని, ఊరుకునేదాన్ని. నా ఏడుపు నన్ను ఏడవనివ్వలేదు నువ్వు."

"నీ బాధ చూడలేక..."

"అవును. నువ్వు చూడలేకే. నేను పడలేక కాదు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో నాకు తెలిసింది. కానీ అక్క నాలాంటిది కాదు. పన్నెండవుతుండగా తనే లేచింది. వార్తల వేళకి తప్ప ఇకమీదట వారధి అక్కర్లేదని చెప్పి, తన చేత్తోనే మీట ఆపుకుని హాలుకేసి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను.

చోళ్ళ రాశి పక్కన తవిటయ్య కుంచం పట్టుకుని ఉన్నాడు. అక్కని చూసి జరిగి చోటిచ్చాడు. మొదటి కుంచం నింపి ఎత్తాడు. హాలంతా "లాభం" అంది. రాశి మీద ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు కూడా అనరు, ఆరున్నొక్కటి అంటారు. అక్క పెదవులు కదపలేదు. మూడో కుంచం దగ్గర తలెత్తి నా వైపు చూసింది, వెనకటిలాగే.

"నీళ్ళా అక్కా?" అన్నాను, చెంబందుకుంటూ.

"డాట్రమ్మా" అన్నాడు తవిటయ్య. కుంచం దింపేశాడు. "నువ్వు... బయటకెల్లు."

"ఏమిటీ?"

"నోరు... మూసుకోగలవా? మూసుకుంటే... ఉండు. నేకపోతే... ఎల్లు."

ఎర్రగట్టులో నాతో ఇలా మాట్లాడినవాడు లేడు. సూరమ్మ నా చెయ్యి పట్టుకుని గోడవారకి తీసుకెళ్ళి, "నా పక్కన కూకో. మొదటేడు నానూ ఇక్కడే కూకున్నాను" అంది. ఆవిడ చెయ్యి గరుగ్గా, వెచ్చగా ఉంది. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. అక్క దప్పికతోనే ఇంటికొచ్చింది.

426వ రోజు, శనివారం

గొడుగు కబురు తెలిశాక నాలుగో శనివారం. ఏమీ లేదు. రోజంతా వారధి ఆపే ఉంటోంది. పొద్దున్న పావుగంట తప్ప. ఇంట్లో నేను అడగడం మానేశాను. ఉప్పు కావాలంటే అక్క కూర్చుంటుంది, నేను కూర్చుంటాను, కూర చప్పగానే తింటాం.

ఇవాళ ఒకటి గమనించాను. కొలిచేటప్పుడు అక్క ఎడమ చెయ్యి తొడమీద తాళం వేస్తోంది. తనకి తెలిసి వేస్తున్నట్టు లేదు. ఎడమ చేతిని ఆడించేది కుడి మెదడు. నేను గోడవారన రెండు అరచేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాను.

433వ రోజు, శనివారం

ఐదోది, ఆఖరిది. తాళం తప్పడం లేదు. మాట లేదు. గొడుగు రాలడానికి అయిదు రోజులుంది.

438వ రోజు, గురువారం

పొద్దున్న అక్క ఆఖరి ధూళి వార్తలు చదివింది. గాలి నెమ్మది, దుమ్ము పలచన. చివర్లో ఇలా అంది: "సాయంత్రం గొడుగు రాలిపోతుంది. అందరూ కిటికీ గది దగ్గరికి రండి, బాగుంటుందిట. రేపు ఆరింటికి కూడా నేను ఇక్కడే ఉంటాను. మాట వస్తే చెబుతాను. రాకపోతే నా బదులు ఎవరూ చెప్పొద్దు."

ఆ ఆఖరి ముక్క నాకే.

సాయంత్రం కిటికీ గదిలో నిలబడటానికి చోటు లేదు. ఇరవై ఏడు మందినీ ముందు నిలబెట్టారు. ఇక్కడ సూర్యుడు అస్తమిస్తే చుట్టూ నీలం కమ్ముతుంది. ఆ నీలంలో పడమటి నుంచి ఒక చుక్క వచ్చింది. చుక్క గీత అయింది. గీత మూడుగా చీలింది. మూడూ తెల్లగా మండుతూ గట్టు మీంచి ఏ చప్పుడూ లేకుండా దాటిపోయాయి. మా పదహారు మంది మాటలు, వాళ్ళ అలకలూ జోకులూ, మా అక్క చదివిన ప్రతి వార్త దానిలోంచి వచ్చినవే. అంత పెద్దదీ, పిడికెడు మెదడు శనివారం పూట అంబలి కోసం చేసుకున్న పనిని అచ్చంగా చెయ్యడానికి ఆకాశంలో తిరిగిందన్నమాట.

గొంతు బిళ్ళలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. తర్వాత తవిటయ్య, "పోనాది" అన్నాడు. ఇంకెవరో "అబ్బ" అన్నారు. మరొకరు పేరు పెట్టి మనవరాలిని పిలిచారు. ఒక్కొక్క గొంతూ లేచింది. అన్నీ బొంగురువే, అన్నీ ఆగి ఆగి నడిచేవే, అన్నీ సొంతవే. జనం ఏడుస్తూ నవ్వుతూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకున్నారు.

అక్క అద్దానికి చెయ్యి ఆనించి ఆకాశం చూస్తూ నిలబడింది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఏమీ అనలేదు.

439వ రోజు, శుక్రవారం

ఆరింటికి లౌడ్‌స్పీకరు క్లిక్కుమంది. ఊపిరి వినబడింది. ఒక నిమిషం అలా ఊపిరి మాత్రమే వినబడింది. మళ్ళీ క్లిక్కుమంది.

ఊరు ఎప్పటిలాగే లేచి పనికి వెళ్ళింది. ఎవరూ ఆవిడ బదులు చదవలేదు.

454వ రోజు, శనివారం

పదహారు రోజులుగా ఊపిరే. ఎస్తేరు అది విని పొయ్యి వెలిగిస్తోందిట. డ్రిల్లర్లు అది విని షిఫ్టు మారుతున్నారట. చివర్లో ఊపిరి కాస్త బరువుగా ఉంటే, "ఇయ్యాల వకులమ్మకి పులుసు నచ్చినట్టు నేదు" అనుకుంటున్నారని సూరమ్మ చెప్పింది.

హాల్లో ఇవాళ అక్క పెదవులు కొలతతో పాటు ఆడాయి. చప్పుడు లేదు. తవిటయ్య కుంచం అక్క చేతిలో పెట్టాడు. ఎడమ చేత్తో నింపింది. రాశి మీద ఎత్తి పట్టుకుని ఆగిపోయింది. హాలంతా నోరు మూసుకుని ఎదురుచూసింది. మూడు వందల మంది ఆకలితో, సంచులు పట్టుకుని. ఎంతసేపో. చివరికి అక్క తల అడ్డంగా ఊపి కుంచం తిరిగి ఇచ్చేసింది. "మల్లీ సెనివారం" అన్నాడు తవిటయ్య, మామూలుగా.

ఇంటికొచ్చి అక్క నా భుజం మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నేను ఊరుకోమనలేదు. ఏడవనిచ్చాను.

465వ రోజు, బుధవారం

చెయ్యి వణుకుతోంది. వరస కిందికి జారుతోంది. ఇది జబ్బు కాదని చదివేవాళ్ళకి మనవి.

పొద్దున్న ఆరింటికే డ్రిల్లరు ఒకతను కాలు తిమ్మిరని వచ్చి బల్లమీద కూర్చున్నాడు. మోకాలి మీద కొట్టడానికి సుత్తి ఎత్తాను. లౌడ్‌స్పీకరు క్లిక్కుమంది. ఊపిరి. దాని వెనక మెత్తగా టక్, టక్ అని బల్లమీద చెయ్యి తాళం.

"లా..."

సుత్తి గాలిలోనే ఆగిపోయింది.

"లాభం."

అది నేను అయిదేళ్ళుగా విన్న గొంతు కాదు. గీసుకుపోయిన, ముసలి, అచ్చంగా మా అక్క గొంతు.

"రెం...డు." టక్. "మూడు." టక్. బయట నడవాలో అడుగుల చప్పుడు ఆగిపోయింది. తలుపులోంచి చూశాను. నీళ్ళ బిందెతో ఒకావిడ, సూట్లలో నలుగురు, ఎవరెక్కడున్నవాళ్ళక్కడ నిలబడి తల పైకెత్తి ఉన్నారు. నాలుగు. అయిదు. ఆరు. అక్కడ కొంచెం ఆగింది. తర్వాత ఒక్క ఊపిరిలో "ఆరున్నొక్కటి" అంది. మాట పోయినవాళ్ళకి అంత పొడుగు మాట ఎంత కొండో నాకు తెలుసు. బిందె ఆవిడ నోరు చేత్తో మూసుకుంది.

ఎనిమిది. తొమ్మిది.

ఆగిపోయింది.

తాళం పడుతూనే ఉంది. టక్. టక్. మాట లేదు. ఊపిరి బరువెక్కింది. వెతుక్కుంటోంది, నాకు వినబడుతోంది. తర్వాతి మాట నా నాలుక చివర ఉంది. మూడు వేల మంది నాలుకల చివరా ఉంది. చిన్నప్పటినుంచీ అందించడం అలవాటైన మాట. బల్లమీద డ్రిల్లరు నా మొహం చూసి, మెల్లగా నా మణికట్టు పట్టుకున్నాడు. పళ్ళతో నాలుక నొక్కిపెట్టుకుని నిలబడ్డాను. నడవాలో ఎవరూ పలకలేదు. పదకొండు క్షణాలు దాటాయి. నిమిషం దాటింది.

"పది" అంది అక్క.